ఆపడం తెలిస్తేనే... లేపడం!

ఆదివారం తెల్లారి ఆరు గంటలు. సెంటినరీ కాలనీలో ఓ క్వార్టరు అనుకుందాం. మొదటి షిఫ్టు వాళ్లు అప్పటికే డ్యూటీకి పోయారు. చికెన్ కోసం సంచీ పట్టుకుని బయల్దేరబోతున్న పెద్దాయనకి బ్యాగు భుజానేసుకున్న కొడుకు ఎదురయ్యాడు.

''ఆదివారం సుత డ్యూటీయేనా కొడుకా?''

''అవ్ బాపూ. ఇయ్యాల కరెంటు షట్‌డౌన్ ఉన్నది. మా ఆఫీసుల సర్వర్లన్నీ ఆపాలె. కరెంటొచ్చినంక మళ్ల నడపాలె.''

''గంతేనా! బటన్ ఒత్తితే ఆగుతది, మళ్ల ఒత్తితే నడుస్తది. గాదానికి పొద్దంతా ఎందుకు?''

కొడుకు నవ్వాడు. ''బాయి మీద ఫ్యాన్ బంద్ జేసేటప్పుడు నువ్వు గట్లనే ఒత్తేటోనివా బాపూ?''

పెద్దాయన మాట్లాడలేదు. ముప్ఫయ్యేళ్లు గనిలో ఎలక్ట్రీషియన్‌గా చేసిన మనిషికి ఆ ఒక్క ప్రశ్నతోనే సగం విషయం అర్థమైపోయింది. మిగతా సగం ఏమిటో మనమూ తెలుసుకుందాం. ఎందుకంటే... ఆ గదిలోని పెట్టెలు సరిగ్గా ఆగి సరిగ్గా లేస్తేనే సోమవారం మస్టరు పడుతుంది. నెలాఖరుకి జీతం పడుతుంది.

వడ్డించేవాడు ఆగిపోతే...

'సర్వర్ డౌన్ అయింది, రేపు రండి'- బ్యాంకులోనో, మీసేవలోనో, రేషన్ దుకాణంలోనో ఈ మాట విననివాళ్లు ఉండరు. ఇంతకీ సర్వర్ అంటే? పేరులోనే ఉంది... వడ్డించేది. పెళ్లి పంక్తిలో వందమంది కూర్చుంటారు. అందరి విస్తళ్లలోకీ అన్నం, పప్పు తెచ్చేవాళ్లు నలుగురైదుగురే. ఆఫీసుల్లో బల్లల మీదుండే కంప్యూటర్లు విస్తళ్ల లాంటివి. అడిగిన సమాచారాన్ని వాటికి అందించే పెద్ద కంప్యూటరే సర్వరు. విస్తరి చిరిగితే ఒక్కరికే ఇబ్బంది. వడ్డించేవాడు ఆగిపోతే పంక్తి మొత్తం చేతులు ముడుచుకోవాల్సిందే.

సింగరేణి గనుల్లో బొగ్గు తవ్వకం మొదలైంది 1889లో. 1920 డిసెంబరు 23న 'సింగరేణి కాలరీస్' పేరుతో కంపెనీ నమోదైంది. తట్టా చెమ్మస్ కాలంలో మస్టరు పుస్తకంలో, లెక్క లెడ్జరులో, జీతం చేతిలో. నిప్పంటుకుంటేనో చెదలు పడితేనో తప్ప ఆ పుస్తకానికి ఏమీ కాదు. ఇప్పుడు ఏ పెద్ద కంపెనీ చూసినా హాజరు, సెలవులు, స్టోర్ల సామాను, అమ్మకాల బిల్లులు అన్నీ సర్వర్లలోనే. దాదాపు నలభై వేలమంది ఉద్యోగులున్న సంస్థలో దసరా ముందు లాభాల వాటా, దీపావళి ముందు బోనస్ లెక్క కట్టే రోజున సర్వరు మొరాయిస్తే ఎన్ని ఇళ్లు బ్యాంకు మెసేజీ కోసం ఎదురుచూస్తాయో ఊహించుకోవచ్చు.

పలక మీది లెక్క

సర్వరుకి రెండు రకాల జ్ఞాపకాలుంటాయి. ఒకటి ర్యామ్... అంటే పలక. రెండోది డిస్కు... అంటే లెడ్జరు. పలక మీద రాయడం తేలిక, లెడ్జరులో రాయడం ఆలస్యం. అందుకని సర్వరు వచ్చిన లెక్కని వచ్చినట్లు ముందు పలక మీద రాసుకుని, వీలు చూసుకుని లెడ్జరులోకి ఎక్కిస్తుంటుంది. కరెంటు ఉన్నంతసేపే పలక. పోయిందా... మీద ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది.

స్టోర్లో ఓ గుమాస్తా నాలుగు బేరింగులు గనికి ఇచ్చాడనుకుందాం. స్టోరు లెక్కలో నాలుగు తగ్గాలి, గని ఖాతాలో నాలుగు పెరగాలి. మొదటిది రాసి, రెండోది రాసేలోపు కరెంటు పోతే? నాలుగు బేరింగులు లెక్కల్లోంచే మాయం! బ్యాంకులో అయితే ఒకరి ఖాతాలోంచి పోయిన డబ్బు ఇంకొకరికి చేరదు.

ఇలా జరగకూడదనే డేటాబేస్ అనే సాఫ్ట్‌వేరు ఓ జాగ్రత్త తీసుకుంటుంది. చేయబోయే ప్రతి పనినీ ముందుగా డిస్కు మీదే ఓ చిట్టా పుస్తకంలో రాసుకుంటుంది. మళ్లీ లేచినప్పుడు ఆ చిట్టా తిరగేసి, పూర్తయిన పనుల్ని ఖాయం చేస్తుంది. సగంలో ఆగినవాటిని రద్దు చేస్తుంది. చాలాసార్లు ఇది గట్టెక్కిస్తుంది. కానీ ఆ తిరగేయడానికి గంటలు పట్టొచ్చు. చిట్టా రాస్తున్న క్షణంలోనే డిస్కు దెబ్బతింటే అదీ పనికిరాదు. అందుకే బటన్ నొక్కే ముందు పలక మీద ఉన్నదంతా లెడ్జరుకి ఎక్కించమని సర్వరుకి చెప్పాలి. 'షట్‌డౌన్' అనే ఆదేశం చేసేది అదే. తెరిచిన పుస్తకాలన్నీ మూసి, ఎక్కడివక్కడ సర్ది, అప్పుడు దీపం ఆర్పుతుంది.

బెల్టు చెప్పిన పాఠం

సరే, షట్‌డౌన్ చెప్పేస్తే సరిపోతుందా? ఒకే సర్వరు ఉంటే సరిపోతుంది. కంపెనీల్లో పదులు, వందలుంటాయి. అసలు చిక్కు అక్కడే. దేన్ని ముందు ఆపాలి?

బొగ్గు గనిలో పనిచేసినవాళ్లకి ఈ ప్రశ్న కొత్త కాదు. లోపల బొగ్గు తీసే చోటు నుంచి పైదాకా బెల్టు మీద బెల్టు. ఒకటి తెచ్చి ఇంకోదాని మీద పోస్తుంది. నడిపేటప్పుడు అన్నిటికన్నా బయటి బెల్టుని ముందు తిప్పాలి. తర్వాత దాని వెనకది, ఆ తర్వాత దాని వెనకది. చివరికి లోపలిది. ఆపేటప్పుడు వరస తిరగబడుతుంది... లోపలిది ముందు, బయటిది ఆఖరున. తలకిందులు చేస్తే ఆగివున్న బెల్టు మీద నడుస్తున్న బెల్టు బొగ్గు పోస్తూనే ఉంటుంది. కుప్ప పడి, దాన్ని ఎత్తేసరికి షిఫ్టు అయిపోతుంది. సెంటినరీ కాలనీకి దగ్గర్లోని అడ్రియాల లాంగ్‌వాల్ లాంటి యంత్రాల గనుల్లో ఈ వరస తప్పకుండా ఇంటర్‌లాకులే కాపలా కాస్తుంటాయి.

సర్వర్ల సంగతీ అంతే. ఆపేటప్పుడు...

ముందు వాడేవాళ్లని బయటికి పంపాలి. తర్వాత వాళ్లకి తెర చూపించే అప్లికేషన్లు. వాటి వెనక లెక్కలు రాసే డేటాబేస్. ఆ తర్వాత ఇవన్నీ నడుస్తున్న యంత్రాలు. అవి ఆగాకే సమాచారం దాచుకున్న స్టోరేజీ పెట్టె. దాని తర్వాత అందరినీ కలిపే నెట్‌వర్క్ స్విచ్చులు. ఆఖరున యూపీఎస్, ఏసీ.

లేపేటప్పుడు సరిగ్గా ఎదురు వరస. ముందు కరెంటు నిలకడగా ఉందో లేదో చూసి ఏసీ వేయాలి. నెట్‌వర్కు, స్టోరేజీ లేవాలి. స్టోరేజీ తయారయ్యేదాకా ఆగాలి. ఆగకుండా సర్వరుని లేపితే... 'నా డిస్కు ఏది?' అని వెతుక్కుని, దొరక్క తెల్లముఖం వేస్తుంది. ఆ తర్వాత పేర్లు, పాస్‌వర్డులు, గడియారం చూసే సర్వర్లు. టైము తేడా వస్తే ఒకదాన్నొకటి నమ్మవు మరి! అప్పుడు డేటాబేస్, దాని వెనక అప్లికేషన్లు. అన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాకే జనానికి తలుపు తెరవడం.

ఈ వరసంతా కాగితం మీద రాసి గోడకి అంటించి ఉండాలి. కంప్యూటర్లో దాచి ఉంచితే? ఆపేది ఆ కంప్యూటర్నే కదా!

'ఎల్‌సీ' తీసుకున్నారా?

కరెంటు స్తంభం ఎక్కేముందు లైన్‌మన్ 'ఎల్‌సీ' తీసుకుంటాడు... లైన్ క్లియర్. ఫలానా లైను ఆపారు, ఫలానా మనిషి పేరు మీద ఆపారు అని సబ్‌స్టేషన్‌లో రాసుకుంటారు. తీసుకున్న మనిషే దిగొచ్చి 'పనైపోయింది' అని తిరిగి ఇచ్చేదాకా ఎవరూ ఆ స్విచ్చు ముట్టకూడదు. ఈ ఒక్క నియమం తప్పిన చోటల్లా ఓ ఇంటి దీపం ఆరిపోయింది.

సర్వర్ గదిలో ప్రాణాలు పోవు కానీ, పద్ధతి మాత్రం అదే ఉండాలంటారు నిపుణులు. షట్‌డౌన్ ఎన్నింటికి, మళ్లీ ఎన్నింటికి లేస్తుంది అన్నది ముందే అందరికీ చెప్పాలి. ఒక్కరోజు ముందు కాదు, వారం ముందు. ఆ రోజు జీతాల పని ఉందా, ఆసుపత్రి వాళ్లకి ఇబ్బందా కనుక్కోవాలి. 'ఆపు', 'లేపు' అని చెప్పే మనిషి ఒక్కరే ఉండాలి. ఒకరు ఆపుతుంటే ఇంకొకరు 'ఇదెందుకు ఆగింది?' అని లేపడం చాలా ఆఫీసుల్లో జరిగే తమాషానే. ప్రతి అడుగూ టైముతో సహా పుస్తకంలో రాయాలి.

అన్నిటికన్నా ముఖ్యం... ఆపేముందే బ్యాకప్ తీసుకోవాలి. ఎందుకంటారా? ఏళ్ల తరబడి రాత్రింబవళ్లు తిరిగిన హార్డ్‌డిస్కు ఓసారి ఆగి చల్లబడ్డాక, మళ్లీ తిరగనని మొండికేయడం మామూలే. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ నడుస్తున్నంతసేపూ బాగానే నడుస్తుంది, కూర్చుంటే లేవడమే కష్టం... అలాగన్నమాట! 'మా సర్వరు మూడేళ్లుగా ఒక్కసారీ ఆగలేదు' అని గొప్ప చెప్పుకునేవాళ్లు నిజానికి భయపడాలి. ఆపితే లేస్తుందో లేదో మూడేళ్లుగా వాళ్లకీ తెలియదు.

బొగ్గు ప్రాంతంలో దీనికి తోడు ఇంకో రెండు చిక్కులు. ఒకటి దుమ్ము. ఫ్యానుల్లోకి, ఫిల్టర్లలోకి చేరి గాలి ఆడనివ్వదు. ఆపిన రోజే శుభ్రం చేసుకోవడానికి అదను. రెండోది ఎండ. రామగుండం ప్రాంతంలో వేసవిలో 45 డిగ్రీలు కొత్తేమీ కాదు. ఏసీ ఆగి సర్వర్లు నడుస్తుంటే ఆ గది కొద్ది నిమిషాల్లోనే కొలిమి అవుతుంది. అందుకే ఆపేటప్పుడు ఏసీ చివర, లేపేటప్పుడు మొదట.

ఫ్యాన్ తిరిగితే చాలదు

మళ్లీ మన పెద్దాయన దగ్గరికి వద్దాం. భూగర్భ గనిలో పైనుండే పెద్ద ఫ్యాన్ ఆగిందంటే లోపలికి గాలి తగ్గుతుంది. మీథేన్ గ్యాస్ చేరే ప్రమాదం ఉంటుంది. గాలిలో అది 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే చిన్న నిప్పురవ్వ చాలు, పేలిపోవడానికి. అంతదాకా రానివ్వకూడదనే 1.25 శాతం దాటితే అక్కడ కరెంటు తీసేయాలని నియమం. ముందు మనుషుల్ని బయటికి తీసుకొస్తారు. మరి ఫ్యాన్ మళ్లీ తిరగ్గానే లోపల కరెంటు ఇచ్చేస్తారా? ఇవ్వరు. గాలి ఆడించి, గ్యాస్ కొలిచి, అంతా బాగుందని తేలాకే స్విచ్చు వేస్తారు. తొందరపడి ఇచ్చే కరెంటే నిప్పురవ్వ అవుతుందని వాళ్లకి తెలుసు.

కంప్యూటర్ ప్రపంచంలో ఈ సంగతి తెలియక దెబ్బతిన్న పెద్దపెద్దవాళ్లున్నారు. 2017 మే 27... బ్రిటన్‌లో సెలవుల వారాంతం. బ్రిటిష్ ఎయిర్‌వేస్ కంప్యూటర్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. దాదాపు 75 వేలమంది ప్రయాణికులు ఎక్కడివాళ్లక్కడ చిక్కుకున్నారు. కారణం? హీత్రో దగ్గరి డేటా సెంటర్‌లో ఓ ఇంజినీరు కరెంటు సరఫరాని తప్పించాడు. అసలు నష్టం అప్పుడు కాదు... దాన్ని పద్ధతి లేకుండా మళ్లీ కలిపినప్పుడు ఒక్కసారిగా ఎగదన్నిన కరెంటుతో జరిగిందని ఆ సంస్థ మాతృసంస్థ అధిపతే చెప్పారు. ఆపడం కన్నా లేపడమే ప్రమాదం!

2021 అక్టోబరు 4 రాత్రి గుర్తుందా? వాట్సప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ దాదాపు ఆరు గంటలు మూగబోయాయి. నెట్‌వర్కు నిర్వహణలో ఇచ్చిన ఓ తప్పుడు ఆదేశం వాళ్ల డేటా సెంటర్లన్నిటినీ ప్రపంచం నుంచి తెంచేసింది. బాగుచేయడానికి వాడే పరికరాలూ ఆ నెట్‌వర్కు మీదే నడుస్తాయి. తాళంచెవిని పెట్టెలో పెట్టి పెట్టెకి తాళం వేసినట్లయింది. ఇంజినీర్లు మనుషులుగా వెళ్లి యంత్రాల ముందు నిలబడాల్సి వచ్చింది. లోపం దొరికాక కూడా వాళ్లు అన్నిటినీ ఒక్కసారిగా లేపలేదు. వినియోగదారులంతా ఒకేసారి మీదపడితే సర్వర్లు మళ్లీ కూలతాయి, కరెంటు వాడకం ఒక్కసారిగా పదుల మెగావాట్లు పెరిగితే విద్యుత్ పరికరాలకే ముప్పు. అందుకని కొంచెం కొంచెంగా తెరిచారు.

కరెంటు వాళ్లకి ఇది కొట్టిన పిండే. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలాయి. రెండోరోజు 60 కోట్లమందికి పైగా ఉండే ప్రాంతం చీకటైంది. పశ్చిమబెంగాల్, ఝార్ఖండ్ బొగ్గు గనుల్లో లిఫ్టులు ఆగి 200 మందికి పైగా కార్మికులు లోపలే ఉండిపోయారు. తర్వాత క్షేమంగా బయటికొచ్చారు. అప్పట్లో దక్షిణాది గ్రిడ్డు విడిగా ఉండటంతో మన గనులకి ఆ బాధ తప్పింది. ఆ రెండు రోజులూ గ్రిడ్డుని లేపడానికి జలవిద్యుత్ కేంద్రాల నుంచీ పక్క గ్రిడ్ల నుంచీ కరెంటు తెచ్చుకుని ముక్కముక్కగా అతికించుకుంటూ వచ్చారు. కరెంటు తయారుచేసే థర్మల్ కేంద్రం లేవాలన్నా పంపులు, ఫ్యాన్లు తిరగడానికి ముందు బయటి కరెంటు కావాలి మరి!

మన దగ్గరా జరిగింది

'లండన్ సంగతి మనకెందుకు?' అనుకోనక్కర్లేదు. 2019 మే నెల ఆరంభంలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్ల మీద ర్యాన్సమ్‌వేర్ దాడి జరిగింది. సమాచారానికి తాళం వేసి, డబ్బిస్తే తీస్తామనే రకం. సర్వర్లు ఆపేయాల్సి వచ్చింది. ఆన్‌లైన్‌లో బిల్లు కట్టేవాళ్లకి ఇబ్బందైంది. బ్యాకప్ ఉండబట్టి సమాచారం తిరిగొచ్చింది.

2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఓ తప్పుడు అప్‌డేట్‌తో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలితెర చూపించి కూర్చున్నాయి. రీస్టార్ట్ చేసినకొద్దీ మళ్లీ మళ్లీ అదే తెర! హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. కంప్యూటర్ మర్చిపోయినా కలం మర్చిపోని ఉద్యోగులుండబట్టి విమానాలు ఎగిరాయి. సర్వరు లేచేదాకా కాగితం మీద పని నడపడం ఎలాగో ప్రతి ఆఫీసుకీ తెలిసి ఉండాలనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

మరి మన ఇంట్లో...

ఇంట్లో సర్వరు ఉండదు. కానీ కిరాణా కొట్టులో బిల్లింగ్ కంప్యూటరు, పిల్లల ప్రాజెక్టు ఉన్న ల్యాప్‌టాప్, పెళ్లి ఫొటోలున్న హార్డ్‌డిస్కు... ఇవన్నీ ఉంటాయి. వాటికీ సూత్రాలు అవే.

కంప్యూటరుని గోడ స్విచ్చుతో ఆపొద్దు. షట్‌డౌన్ కొట్టి, లైట్లు ఆరేదాకా ఆగండి. బయటి హార్డ్‌డిస్కు, పెన్‌డ్రైవ్ తీసేముందు 'ఎజెక్ట్' నొక్కండి. పలక మీది లెక్క లెడ్జరుకి ఎక్కేది అప్పుడే.

కరెంటు పోయి రాగానే వెంటనే ఆన్ చేయొద్దు. వచ్చీపోతూ ఉంటుంది. ఐదు పది నిమిషాలు నిలకడ చూడండి. కొట్టులో చిన్న యూపీఎస్ ఉన్నా అది బిల్లులు కొట్టడానికి కాదు, పద్ధతిగా ఆపుకోవడానికి. ఏళ్లు గడిచిన బ్యాటరీ బలమెంతో అప్పుడప్పుడూ ప్లగ్గు తీసి చూసుకోవాలి... పనిలేని సమయంలో సుమా!

ముఖ్యమైన వాటికి మూడు ప్రతులు, రెండు రకాల వస్తువుల మీద, ఒకటి వేరే చోట. ఇది కంప్యూటర్ రంగంలో అందరూ చెప్పే లెక్క. తీసిన బ్యాకప్ తెరుచుకుంటుందో లేదో నెలకోసారి చూసుకోవాలి. తెరవని బ్యాకప్, ఊదని బెలూన్ ఒకటే... చిల్లుందో లేదో అవసరానికి గానీ తెలియదు.

లేచిన తర్వాత తడిమి చూడండి. చివరిగా రాసిన బిల్లు ఉందా? ఆఖరి ఫొటో తెరుచుకుంటోందా? ఆఫీసుల్లోనూ అంతే. పచ్చలైటు వెలిగినంత మాత్రాన పని అయిపోయినట్లు కాదు. ఆపేముందు చివరగా నమోదైన లెక్క ఏదో రాసుకుని, లేచాక అది ఉందో లేదో చూసి, ఓ జీతం చీటీ ప్రింటు తీసి చూశాకే 'ఎల్‌సీ' తిరిగి ఇవ్వడం.

ఇంతకీ ఆ సెంటినరీ కాలనీ క్వార్టర్లో... రాత్రి తొమ్మిదయింది. చికెన్ చల్లారిపోయింది. పెద్దావిడ రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి చూసి వెళ్లింది. ఫోను మోగింది.

''బాపూ, అన్నీ లేసినయ్. ఇగ వస్తున్న.''

''లేసినయ్ సరే... గ్యాస్ చూసినవా?''

అటు నుంచి నవ్వు. ''సూసిన బాపూ. ఆఖరి ఎంట్రీ ఉన్నది. చీటీ సుత ప్రింటొచ్చింది.''

''గట్లయితే దిగు బిడ్డా'' అన్నాడు పెద్దాయన, కంచం పెట్టమని లోపలికి సైగ చేస్తూ.